లైటక్క పది అంకెలు

లైటక్కకి ఆ పేరు పెట్టింది వీధి. పెళ్లయి వచ్చిన ఏడాదే పెట్టింది. ఆమె భర్త వీడియోలు తీసేవాడు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, కొత్త కొట్టు తెరవడాలు, ఉద్యోగం నుంచి దిగిపోయేవాళ్ల సభలు, ఎవరు పిలిచినా భుజాన కెమెరా వేసుకుని బయల్దేరేవాడు. మొదట్లో లైటు పట్టుకోవడానికి ఒక మనిషిని పెట్టుకున్నాడు. ఆ మనిషి ఒక పెళ్లిలో వడ్డన జరిగే వైపు చూస్తూ చూస్తూ లైటుని కూడా అటే తిప్పేశాడు. పెళ్లికూతురు చీకట్లోనూ, వంట గిన్నెలు వెలుగులోనూ వచ్చాయి. మర్నాడు ఆయన ఇంటికొచ్చి భార్యతో, "నువ్వైతే నేను ఎటు చూస్తే అటే చూస్తావు, రా" అన్నాడు. ఆమె నవ్వుకుని చీర కుచ్చిళ్లు బిగించుకుని వెళ్లింది. అలా వెళ్లిన మనిషి ఇరవై ఆరేళ్లు వెళుతూనే ఉంది.

ఆమె చదివింది ఐదో తరగతి. కానీ ఏ ముఖానికి వెలుగు ఎంత దూరం నుంచి పడాలో, నల్లటి చీరకి ఎంత, గాజు కళ్లద్దాలకి ఎంత అన్నది ఆమెకి చేతిలోనే తెలిసేది. ఆ లైటు మామూలుది కాదు. పది నిమిషాలు వెలిగిస్తే పెనం అయ్యేది. కుడి మణికట్టు మీద చింతగింజంత కాలిన మచ్చ దాని గుర్తే. వీధిలో పిల్లలు ఆమెని చూడగానే, "లైటక్క వస్తోంది, కళ్లు దాచుకోండిరా" అని అరచేతులు అడ్డం పెట్టుకునేవారు. ఆ పిల్లలు పెద్దవాళ్లై, వాళ్ల పిల్లలు కూడా లైటక్కే అన్నారు. తల్లికీ అక్కే, కూతురికీ అక్కే, మనవరాలికీ అక్కే. వరస ఎక్కడా కుదరకపోయినా ఎవరూ దిద్దుకోలేదు.

ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. జ్వరమని వెళ్లి, తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి, ఇంటికి రాలేదు.

ఇంట్లోనే ఆయన నడిపిన స్టూడియో ముందు గది మూసేసి, వెనక ఉన్న రెండు గదుల్లో ఆమె, ఆయన అక్కగారు ఉంటున్నారు. లైటక్క వదినా అని పిలిచే ఆ అక్కగారు ఆరేళ్ల కిందట భర్త పోతే తమ్ముడి ఇంటికి వచ్చింది. వీధి చివరి టైలరు కొట్టుకి హుక్కులు, గుండీలు కుడుతుంది. సూది ఎంత వాడిదో నోరూ అంతే. ఇద్దరూ ఆయన గురించి పెద్దగా మాట్లాడుకోరు. పొద్దున్న టీ మూడు గ్లాసుల్లో పోసే అలవాటు లైటక్కకి నాలుగు నెలలదాకా పోలేదు. మూడో గ్లాసు వదినే మాట్లాడకుండా తాగేసేది.

లైటక్కకి కావలసింది ఒక్కటే. ఆయన గొంతు.

ఫొటోలు ఉన్నాయి. చొక్కాలు ఉన్నాయి. కళ్లజోడు పెట్టెలోనే ఉంది. గొంతు మాత్రం ఎక్కడా లేదు. నవ్వొచ్చేదేమిటంటే, కెమెరా వెనక నిలబడితే ఆ మనిషి నోరు ఊరుకునేదే కాదు. "అమ్మా, గడ్డం బియ్యం గింజంత పైకి", "బాబాయ్, నవ్వొద్దు, నవ్వొచ్చేదాకా ఆగండి", "నా వైపు కాదు, నా వెనక మీ అత్తగారు నిలబడిందనుకోండి" అంటూ ఒకటే వాగుడు. ఆ మాటలన్నీ టేపులోకి వెళ్లేవి. తరవాత ఇంటికొచ్చి కూర్చుని వాటన్నిటి మీదా పాటలు వేసేసేవాడు. "మాటలెవరు వింటారే, పాట పడితేనే కన్నీళ్లొస్తాయి" అనేవాడు. మొదట తీసిన అసలు టేపునేమో మళ్లీ పనికొస్తుందని, మరో పెళ్లికి దాని మీదే తీసేసేవాడు. ఇరవై ఆరేళ్ల వీధి అంతా ఇంట్లో ఒక ఇనప పెట్టెలో క్యాసెట్లుగా ఉంది. పెదాలు కదులుతుంటాయి, పాట వినిపిస్తుంటుంది. అంతే.

పోనీ ఎవరి ఫోనులోనైనా ఉందేమో అడుగుదామంటే నోరు రాలేదు. పోయిన మనిషి గొంతు మీ దగ్గర ఉందా అని ఏ గుమ్మంలో నిలబడి అడుగుతారు? ఆయన ఫోనేమో బొత్తాల ఫోను.

పెట్టెలో మొత్తం రెండువందల పన్నెండు క్యాసెట్లు. ఎక్కడో ఒకచోట పాట వేయడం మరిచిపోయి ఉండడా అన్నది ఆమె ఆశ. రోజూ మధ్యాహ్నం వదిన కునుకు తీసే వేళకి ఒకటి పెట్టి చూసేది. నూట డెబ్బై ఒకటి చూసింది. నూట డెబ్బై రెండోది పెట్టబోతే ప్లేయరు ఆగిపోయింది. బాగుచేసేవాడు దాని మూత తీసి చూసి, "దీనికి సామాను ఇప్పుడెక్కడా రాదు లైటక్కా, మీద గుడ్డ కప్పి పూలకుండీ పెట్టుకోండి" అన్నాడు.

అదిగో, సరిగ్గా ఆ వారమే లైబ్రరీ మేడం వచ్చింది.

వీధి మొదట్లో చిన్న లైబ్రరీ ఉంది. కింద పేపర్లు, పైన ఒక పొడుగాటి గది. సెలవుల్లో పిల్లలు ఊరికే తిరుగుతున్నారని, వాళ్ల చేత ఈ వీధి కథని వీడియో తీయించాలని మేడం పూనుకుంది. ఎవరి ఇల్లు ఎప్పుడు కట్టారు, మంచినీళ్లు ఎలా వచ్చేవి, ఏ కొట్టు ఏ కొట్టుగా మారింది, అన్నీ ముసలివాళ్ల నోటితోనే చెప్పించాలని. పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఆరుగురు చేరారు.

"మీ పాత క్యాసెట్లు ఇస్తారేమోనని వచ్చానండీ" అంది మేడం. "ప్లేయరు మాకు ఎవరో ఇచ్చారు. బాగానే తిరుగుతోంది."

ప్లేయరు అన్న మాట వినగానే లైటక్క చేతిలో గిన్నె పక్కన పెట్టేసింది.

"తిరుగుతోందా?"

"బ్రహ్మాండంగా. ఇంకోటి కూడా అడుగుదామని. పిల్లలకి మీరు కాస్త నేర్పితే..."

"నేనా? నాకు లైటు పట్టుకోవడం తప్ప ఏం వచ్చు?"

గది లోపలి నుంచి వదిన గొంతు వచ్చింది. "ఇరవై ఆరేళ్లు పట్టుకుంది. కరెంటు వాళ్లు కూడా అంతకాలం పట్టుకోరు. వస్తుంది, తీసుకెళ్లండి."

లైటక్క ఆలోచించి, "వస్తాను. క్లాసయ్యాక రోజూ ఒకటో రెండో క్యాసెట్లు నేను అక్కడ కూర్చుని చూసుకుంటాను. ఎందుకని అడక్కూడదు" అంది. మేడం అడగలేదు.

మొదటి రోజు పిల్లలు తామే తీసిన వీడియో ఒకటి గర్వంగా చూపించారు. టైలరు తాత మూడు నిమిషాలు ఏదో చెబుతున్నాడు. వెనకాల పెద్దగా సంగీతం. మధ్యలో ఆకాశం, పావురాలు. తాత మాట సగం వినిపించదు.

లైటక్క చివరిదాకా చూసింది. తరవాత మెల్లగా, "ఆ పాట తీసేయండి" అంది.

"పాట లేకపోతే బోరు కొడుతుంది లైటక్కా" అన్నాడు ఒక అబ్బాయి. వాడి పేరేదైనా అందరూ సందేహం అనే పిలుస్తారు. ఏది చెప్పినా ఒక సందేహం వేయనిదే వాడికి అన్నం అరగదు.

"తాత చెప్పేది బోరు కొడితే వేరే తాతని చూసుకోండి. మాట మీద పాట వేస్తే మాట తిరిగి రాదు. నాకు తెలుసు." ఆమె ఎందుకంత పట్టుబడుతోందో పిల్లలకి అర్థం కాలేదు. కానీ పాట తీసేశారు. తీసేస్తే తాత మాటల వెనక కుట్టుమిషను చప్పుడు కూడా వినిపించింది. ఫోను పట్టుకున్న పొడుగు పిల్ల, "అరె, ఇదే బావుందే" అంది.

అక్కణ్నుంచి పాఠాలు మొదలయ్యాయి. లైటక్క ఏనాడూ బోర్డు మీద రాయలేదు. చేసి చూపించేది. మనిషి కూర్చుంటే మీరూ కూర్చోండి, నిలబడి అడిగితే పోలీసుల్లా ఉంటారు. ఫ్యాను ఆపండి. కిటికీ మనిషి వెనక కాదు, పక్కన ఉండాలి. పెద్ద ప్రశ్న ముందు అడక్కండి, చేతిలో ఏముందో దాని గురించి అడగండి.

ఈ చివరి మాట ఎందుకు చెప్పిందంటే, సందేహం రెండోసారి టైలరు తాత దగ్గరికెళ్లి కాగితం చూసుకుంటూ, "తాతగారూ, మీ జీవితాశయం ఏమిటి?" అని అడిగాడు.

తాత సూదిలో దారం ఎక్కిస్తూ, "ఎనిమిదింటికి కొట్టు మూయడం" అన్నాడు.

మూడోసారి పొడుగు పిల్ల ఆయన చేతిలోని కత్తెర చూసి, "ఇది ఎన్నాళ్లదండీ?" అంది. అంతే, ఆయన నలభై నిమిషాలు ఆగలేదు. ఆ కత్తెర ఆయన గురువుగారిదట. ఆ కొట్టు మొదట సైకిళ్లు అద్దెకిచ్చే షెడ్డట. వీధికి మొదటిసారి కరెంటు వచ్చిన రోజు దీపం చూడటానికి జనమంతా ఆ షెడ్డు ముందే గుమిగూడారట.

అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం పది అంకెలది. "బొత్తాం నొక్కాక మనసులో పది లెక్కపెట్టండి. అప్పుడు అడగండి" అంది లైటక్క.

"ఎందుకు?" అన్నాడు సందేహం.

"టేపు దారిలో పడటానికి."

"ఫోనులో టేపు ఉండదు కదా?"

ఆమె ఒక్క క్షణం తడబడింది. ఆయన చెప్పింది ఆమె పాటించింది, ఎందుకని ఎప్పుడూ అనుకోలేదు. "టేపు లేకపోతే మనిషి ఉన్నాడుగా. మనిషి దారిలో పడటానికి" అంది. "తరవాత ఆ పదీ కోసేయండి, పనికిరాదు."

పిల్లలు శ్రద్ధగా పది లెక్కపెట్టేవారు. సందేహం వేళ్ల మీద లెక్కపెడుతుంటే మంగలి బాబాయి, "ఏరా, నాకెన్ని వెంట్రుకలున్నాయో లెక్కేస్తున్నావా? తొందరగా అయిపోతుందిలే" అన్నాడు.

క్లాసయ్యాక పిల్లలు దిగిపోతే లైటక్క పై గదిలో ఒక్కతే కూర్చుని క్యాసెట్లు చూసేది. రోజుకి రెండు. పాట. పాట. పాట. ఒకదాంట్లో, ఇప్పుడు దూరపు ఊళ్లో స్థిరపడిన వదిన పెద్ద కొడుకు చిన్నప్పటి పుట్టినరోజు. వదిన అందులో ఎవర్నో తిడుతోంది, పెదాలు చూస్తేనే తెలుస్తోంది, దాని మీద మెత్తటి వేణువు. లైటక్కకి నవ్వొచ్చింది. ఇంటికెళ్లి చెబితే వదిన, "నేను తిట్టినా వేణువులాగే ఉంటుందని మా తమ్ముడికి తెలుసులే" అంది.

అలా తగ్గుతూ తగ్గుతూ చివరికి ఒక్కటి మిగిలింది. దాని మీద చీటీ చెరిగిపోయింది. ఆ సాయంత్రం ఆమె దాన్ని రెండు చేతులతో పెట్టింది. మంచు కురిసినట్టు చుక్కలు, తరవాత రంగు పట్టీలు, తరవాత ఎవరివో మెట్లు. ఒక గృహప్రవేశం. పాట మొదలైంది. చివరిదాకా పాటే.

తెర నల్లబడ్డాక కూడా ఆమె కదల్లేదు. గుమ్మంలో పొడుగు పిల్ల నిలబడి ఉంది. మరిచిపోయిన చార్జరు కోసం వచ్చింది. "ఏమైంది లైటక్కా" అనబోయి ఆగింది. వచ్చి పక్కన కుర్చీలో కూర్చుంది. మనసులో లెక్కపెడుతోందని ఆ పిల్ల పెదాలు చూస్తే తెలుస్తోంది.

ఎనిమిదో తొమ్మిదో అంకె అయ్యుంటుంది. లైటక్కే అంది. "ఏం లేదమ్మా. మీ అంకుల్ గొంతు ఎక్కడైనా ఉంటుందేమోనని చూశాను. రెండువందల పన్నెండూ చూశాను. లేదు."

ఆ పిల్ల లేచింది. క్యాసెట్లు పెట్టెలో సర్దడానికి సాయం చేసి వెళ్లింది.

ఆ రాత్రి లైటక్క బాగానే నిద్రపోయింది. అదే ఆమెకి ఆశ్చర్యమనిపించింది. వెతకడానికి ఇంకేమీ మిగలకపోతే గుండె పగులుతుందనుకుంది. తీరా చూస్తే, ఎంతోకాలంగా బిగించి పట్టుకున్న వైరుని ఎవరో అవతలి చివర వదిలేసినట్టు ఉంది. పొద్దున్న లేచి వదినకి చెప్పింది, దేనికోసం చూసిందో, ఎన్ని చూసిందో, అంతా.

వదిన గుండీ కుడుతూ విని, దారం పళ్లతో తెంపి, "పిచ్చిమొద్దూ, నాతో ఒక్క మాట అంటే నేనూ పక్కన కూర్చునేదాన్నిగా" అంది.

తరవాత పది రోజులు పిల్లలు వింతగా ప్రవర్తించారు. ఆమె గదిలోకి రాగానే ల్యాప్‌టాప్ మూసేసేవారు. వీధిలో ఇంటింటికీ తిరుగుతున్నారని విన్నది. సందేహం మూడు రోజులు ఒక్క సందేహం కూడా అడగలేదు. అది చూసి ఆమెకి భయమేసింది.

"ఏం చేస్తున్నారు మీరు?"

"కటింగు" అంది పొడుగు పిల్ల.

"ఎక్కడ కోస్తున్నారు?"

"అదే చెప్పం."

ప్రదర్శన ఒక ఆదివారం సాయంత్రం, లైబ్రరీ పై గదిలోనే. గోడకి తెల్ల దుప్పటి కట్టారు. కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు. టైలరు తాత ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. మంగలి బాబాయి తనకి తనే గడ్డం గీసుకుని, గీటు పడిన చోట కాగితం ముక్క అంటించుకుని వచ్చాడు. "వీధిలో అందరికీ గీస్తావు, నీ గడ్డానికే చెయ్యి వణుకుతుందా" అని తాత ఆటపట్టించాడు. లైటక్క, వదిన చివరి వరసలో కూర్చున్నారు.

లైట్లు ఆర్పారు. పాట రాలేదు. "పాట వెయ్యలేదేంటి?" అని ముందు వరసలో ఎవరో అన్నారు. "ఉష్" అంది మేడం.

తెర మీద టైలరు తాత. ఏమీ చెప్పడం లేదు. ఊరికే కూర్చుని ఉన్నాడు. వెనక మిషను చప్పుడు. ఆయన కెమెరా వైపు చూశాడు, చొక్కా కాలరు సర్దుకున్నాడు, గడ్డం కొద్దిగా పైకెత్తి తనలో తను నవ్వుకుంటూ, "బియ్యం గింజంత. చాలా?" అన్నాడు.

లైటక్కకి ముందు అర్థం కాలేదు.

తరవాత మంగలి బాబాయి. అద్దం ముందు కుర్చీలో కూర్చుని గడ్డం పైకెత్తాడు. "నా వెనక మా అత్తగారు ఉందనుకోవాలి, అంతేగా? ఉంది. గుర్రుగా చూస్తోంది." గదిలో నవ్వులు. తరవాత రిటైరైన నర్సమ్మ. ఆవిడ తల పక్కకి వంచి, ఎవరో దిద్దినట్టు మళ్లీ నిటారుగా పెట్టుకుంది. తరవాత కిరాణా కొట్టాయన, "నవ్వొద్దు, నవ్వొచ్చేదాకా ఆగు" అని తన భార్యకి చెబుతున్నాడు, ఆవిడ ఆగలేక నవ్వేస్తోంది. ఇలా పదకొండు మంది. అందరూ ప్రశ్న కోసం ఎదురుచూస్తున్న ఆ పది అంకెల్లోనే ఉన్నారు. కెమెరా ముందుకి రాగానే ఎవరికి వాళ్లు, ఎవరూ చెప్పకుండానే, ఆయన కూర్చోబెట్టినట్టు కూర్చున్నారు.

చివర వచ్చింది వదిన. వంటగది గుమ్మంలో, ఒళ్లో గుండీల డబ్బాతో. పక్కన కూర్చున్న అసలు వదిన లైటక్క వైపు చూడకుండా, "నిన్ను కూరగాయలకి పంపినప్పుడు తీశారు" అని గొణిగింది. తెర మీది వదిన కెమెరా వెనకున్న పిల్లని చూసి, తమ్ముడిలా కనుబొమ్మ ఒకటి పైకెత్తి, అచ్చం ఆ తమ్ముడి యాసలోనే సాగదీసి, "అమ్మా... గడ్డం బియ్యం గింజంత పైకి" అంది. అక్కాతమ్ముళ్ల గొంతులో ఒకే జీర ఉంటుందని లైటక్క అన్నేళ్లలో ఎప్పుడూ గమనించలేదు.

ఆమె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. రెండూ అయ్యుంటాయి. వదిన ఆమె మోచెయ్యి పట్టుకుని, సినిమా అంతా అయ్యేదాకా వదల్లేదు. కత్తెర కథ, కరెంటు కథ, నీళ్ల కుళాయి దగ్గర క్యూ కథ, అన్నీ వచ్చాయి. ఎక్కడా పాట లేదు.

అయిపోయాక పొడుగు పిల్ల వచ్చి ఎదురుగా నిలబడింది. "వీధిలో ఫోన్లన్నీ అడిగాం లైటక్కా. అంకుల్ గొంతు ఎవరి దగ్గరా లేదు. ఇవేమో కోసేసిన ముక్కల్లో దొరికాయి. మీరు పనికిరావు అన్నారు కదా, పారేద్దామని ఒకసారి చూస్తే..."

"పారేయలేదుగా" అంది లైటక్క.

"లేదు."

"మంచి పని చేశారు." ఆ పిల్ల భుజం తట్టి, "నేను తప్పు చెప్పాను. ఆ పదీ కోయొద్దు" అంది.

సందేహానికి అప్పుడు తిరిగి ప్రాణమొచ్చింది. "అయితే లైటక్కా, ఒక సందేహం. వీధిలో అందర్నీ తీశాం, మిమ్మల్ని తీయలేదు. మీరు ఒక్క క్యాసెట్లో కూడా లేరు. అన్నిట్లోనూ మీ వెలుగే ఉంది గానీ మీరు లేరు. ఎందుకు?"

"లైటు ఎవరు పట్టుకుంటారురా నేను కూర్చుంటే?"

"నేను పట్టుకుంటాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఆమె స్టూడియో ముందు గది తలుపులు తీసింది. దుమ్ము దులిపింది. ఆయన అందర్నీ కూర్చోబెట్టే ముక్కాలి పీట కిటికీ పక్కకి జరిపి, వెలుగు తనే చూసుకుని కూర్చుంది. సందేహం పాత లైటు పట్టుకోబోతే వద్దంది. "ఎండ చాలు. అది పట్టుకుంటే నీకూ నాలాంటి మచ్చ పడుతుంది" అంది. వాడు ఎందుకైనా మంచిదని ఒక తెల్ల అట్ట పట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా పట్టుకోలేదు. ఆమె చెప్పకుండా చేత్తో సైగ చేసింది, వాడు తిప్పాడు, వెలుగు చెంప మీదికి వచ్చింది.

పొడుగు పిల్ల బొత్తాం నొక్కింది. బయట వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. లైటక్క ఒళ్లో చేతులు పెట్టుకుని, ఇరవై ఆరేళ్లు తను లైటుతో నిలబడ్డ చోటు వైపు చూస్తూ లోపల లెక్కపెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. ఏడు దగ్గర ఆమె గడ్డం దానంతటదే పైకి లేచింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న వదిన తల అడ్డంగా ఊపింది.

"గింజంత అన్నాడే వాడు. నువ్వు గుప్పెడు లేపావు."